కారు తాళంచెవిలో మూడు తాళంచెవులు

సంక్షిప్తంగా: నేటి కారు తాళంచెవిలో మూడు వేర్వేరు పరికరాలు ఇమిడి ఉంటాయి. తాళాన్ని తిప్పేది లోహపు రేకు, ఇంజిన్‌కు అనుమతి తెచ్చేది చిప్, తలుపులను దూరం నుంచి తెరిచేది రిమోట్. వీటిలో ఏది చెడిందో, ఏది పోయిందో తేల్చుకుంటే తాళాల పనివారి మాటలూ వారు చెప్పే ధరలూ అర్థమవుతాయి. లోహం కోయడానికి అయ్యే ఖర్చు తక్కువ. కొత్త తాళంచెవిని కారు చేత గుర్తింపజేయడానికే ఇప్పుడు ఎక్కువ డబ్బు, సమయం పడుతున్నాయి.

బజారులో చవకగా చేయించిన డూప్లికేట్ తాళంచెవి కారు తలుపును చక్కగా తెరుస్తుంది. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పితే ఇంజిన్ అందుకున్నట్టే అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద తాళంచెవి గుర్తున్న దీపం మాత్రం వెలిగి ఆరుతూ ఉంటుంది. కోత సరిగ్గా లేదని యజమాని అనుకుంటాడు, బ్యాటరీ బలహీనంగా ఉందని కోసినవాడు అంటాడు, మెకానిక్ పెట్రోలు పంపును అనుమానిస్తాడు. కోతలో లోపం లేదు, పంపూ బాగానే ఉంది. ఆ డూప్లికేట్‌లో చిప్ లేదు, అంతే.

పాతికేళ్లుగా కార్లు వాడుతున్నవారు కూడా ఇక్కడే తికమకపడతారు. తలుపు తెరుచుకోవడం, స్టీరింగ్ కదలడం, ఇంజిన్ నడవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి కాబట్టి మూడింటికీ ఒకే తాళం ఉన్నట్టు అనిపిస్తుంది. వాటి వెనుక ఉన్న తనిఖీలు మాత్రం వేర్వేరు. వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు దొంగతనాలకు జవాబుగా అవి వచ్చి చేరాయి.

లోహపు రేకు: కోత, లోతు, కోడ్

ఇళ్ల తలుపులకు వాడే పిన్ తాళం నేటి రూపానికి లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందాడు. కార్లలో ఎక్కువగా కనిపించేది దానికంటే తేలికైన వేఫర్ తాళం. ఇందులో తిరిగే సిలిండర్ లోపల పలుచని లోహపు పలకలు వరుసగా ఉంటాయి. ఒక్కో పలక వెనుక చిన్న స్ప్రింగ్ ఉంటుంది. తాళంచెవి లేనప్పుడు ఆ స్ప్రింగులు పలకలను పక్కనున్న గాడిలోకి నెట్టి సిలిండర్‌ను తిరగనివ్వవు. సరైన తాళంచెవి లోపలికి వెళితే దాని కోతలు ఒక్కో పలకను కావలసినంత మేరకే కదుపుతాయి. పలకల అంచులన్నీ సిలిండర్ అంచుతో సమానమైన క్షణంలో అది తిరుగుతుంది.

కాబట్టి రేకు మీది ప్రతి కోతకు రెండే లక్షణాలు ముఖ్యం. అది ఎక్కడ ఉంది, ఎంత లోతుగా ఉంది. ఈ లోతుల వరుసనే పనివారు బిట్టింగ్ అంటారు. ఎనిమిది స్థానాలు, ఒక్కోదానికి నాలుగు లోతులు ఉన్న తాళానికి లెక్క ప్రకారం 65,536 కలయికలు సాధ్యం. పక్కపక్కనే మరీ లోతైన కోత, మరీ ఎత్తయిన కోత రాకూడదు, అన్నీ ఒకే లోతులో ఉండకూడదు వంటి నియమాలు పెట్టాక వాడుకలో మిగిలేవి కొన్ని వేలే. లక్షల్లో అమ్ముడయ్యే మోడల్‌లో ఒకే కోత ఉన్న కార్లు ఒకటికి మించి ఉండి తీరతాయి. ఒకరి తాళంచెవితో మరొకరి పాత కారు తెరుచుకుందని విన్నప్పుడు ఆశ్చర్యపోనక్కర్లేదు.

కొత్త కారుతో పాటు ఒక చిన్న బిళ్ల ఇస్తారు. దాని మీది అంకెలే తాళంచెవి కోడ్. ఆ కోడ్ నుంచి బిట్టింగ్ తెలుస్తుంది, బిట్టింగ్ తెలిస్తే అసలు తాళంచెవి చేతిలో లేకపోయినా కొత్తది కోయవచ్చు. దీన్ని కోడ్ కటింగ్ అంటారు. ఉన్న తాళంచెవిని యంత్రానికి ఒకవైపు బిగించి, మరోవైపున్న బ్లాంక్‌ను, అంటే ఇంకా కోయని ఖాళీ తాళంచెవిని, దాని ప్రకారం కోయడం మామూలు డూప్లికేట్ పద్ధతి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు కానీ, పదేళ్ల కారు విషయంలో ఇదే ముఖ్యం. రోజూ వాడిన రేకు అంచులు అరిగిపోతాయి, దాన్ని చూసి కోసిన డూప్లికేట్ ఆ అరుగుదలను కూడా నకలు చేస్తుంది. నకలుకు నకలు తీస్తే తేడా పెరుగుతూ పోతుంది. తాళంచెవిని కాస్త బయటికి లాగి, అటూ ఇటూ కదిపితే తప్ప తిరగని కార్లలో చాలావాటికి కారణం ఇదే. అలాంటప్పుడు కోడ్ ప్రకారం కోయిస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొదటి రోజు కొలతలే మళ్లీ వస్తాయి. పలకలు కూడా అరిగితే మాత్రం సిలిండర్ విప్పక తప్పదు.

అంచుల మీద కాకుండా రేకు పక్కభాగంలో మెలికలు తిరిగే గాడి ఉంటే దాన్ని లేజర్ కట్ అని పిలుస్తారు. లేజర్‌తో దానికి సంబంధం లేదు, గాడిని తవ్వేది మిల్లింగ్ కట్టరే. మెర్సిడెస్ బెంజ్ వంటి కంపెనీలు ఖరీదైన కార్లలో తెచ్చిన ఈ తీరు ఇప్పుడు చిన్న కార్లకూ వచ్చింది. రేకు మందంగా ఉంటుంది కాబట్టి త్వరగా వంగదు. రోడ్డు పక్కన ఉండే మామూలు కోత యంత్రం దీనికి పనికిరాదు.

ఆకురాయితో తాళంచెవి పుట్టేది ఇలా

తాళంచెవి లేదు, కోడ్ బిళ్ల కూడా పోయింది. అప్పుడు పనివారు చేసే పనిని ఇంప్రెషన్ తీయడం అంటారు. కోతలు లేని ఇత్తడి బ్లాంక్‌ను శుభ్రంగా రుద్ది, తాళంలోకి దూర్చి, గట్టిగా మెలితిప్పి కొద్దిగా కదిపి బయటికి తీస్తారు. సరైన ఎత్తులో లేని పలకలు ఆ మెత్తని ఇత్తడి మీద వెంట్రుకంత గీతలు వదులుతాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే అవి కంటికి ఆనతాయి. గీత పడిన చోట ఆకురాయితో ఒకటి రెండు సార్లు రాకి మళ్లీ దూరుస్తారు. గీత పడటం ఆగిపోయిన చోట లోతు సరిపోయినట్టు. ఇలా పలక తర్వాత పలక సరిపోతూ చివరికి సిలిండర్ తిరుగుతుంది. హైదరాబాద్, విజయవాడ వీధుల్లో తాళంచెవుల గుత్తి వేలాడదీసుకుని కూర్చునే పనివారి చేతిలో ఉన్న నైపుణ్యం ఇదే. ఏ కంప్యూటరూ అవసరం లేని పని. చిప్ వచ్చాక మాత్రం ఇది తలుపు దగ్గరే ఆగిపోయింది.

కొన్ని మోడళ్లలో మరో చిక్కు ఉంటుంది. ఇగ్నిషన్ తాళంలో పది పలకలుంటే తలుపు తాళంలో ఎనిమిదే ఉండవచ్చు. తలుపు నుంచి తీసిన కోత ఇగ్నిషన్‌ను తిప్పదు. మిగిలిన స్థానాలను వేరుగా కనిపెట్టాలి.

ఇక తాళంచెవి కారు లోపలే ఉండిపోయి తలుపులకు తాళం పడిపోయిన సందర్భాన్ని లాకౌట్ అంటారు. వెనకటి రోజుల్లో కిటికీ అద్దం పక్కనుంచి సన్నని రేకు దూర్చి లోపలి కమ్మీని లాగేవారు. ఇప్పటి తలుపుల్లో వైర్లు ఉంటాయి, కొన్నింటిలో ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సార్లూ ఉంటాయి. ఆ రేకు వాడితే తలుపు తెరుచుకోవచ్చు, మరమ్మతు ఖర్చు కూడా వెంట రావచ్చు. పద్ధతి తెలిసినవారు తలుపు చట్రం పక్కన గాలి సంచి పెట్టి, పంపుతో ఉబ్బించి, వచ్చిన సందులోంచి పొడవాటి కడ్డీతో లోపలి బటన్ నొక్కుతారు. కొన్ని యూరప్ కార్లలో డెడ్‌లాక్ ఉంటుంది. బయటి నుంచి అలా తాళం వేస్తే లోపలి పిడి లాగినా తలుపు రాదు కాబట్టి ఈ పద్ధతీ అక్కడ పనిచేయదు.

ఇంజిన్ అడిగే ప్రశ్న

తాళంచెవి తిప్పి ఇంజిన్‌ను స్టార్ట్ చేసే తీరును 1949లో క్రైస్లర్ తెచ్చింది. అంతకుముందు చాలా కార్లలో తాళంచెవి కరెంటును మాత్రమే కలిపేది, స్టార్టర్‌కు వేరే బటనో పెడలో ఉండేది. స్టీరింగ్‌ను బిగించే తాళాన్ని జనరల్ మోటార్స్ 1969 మోడళ్లలో విస్తృతంగా ప్రవేశపెట్టింది. ఇవన్నీ లోహపు అడ్డంకులే. బలంగా తిప్పితే విరిగేవి, విప్పి వైర్లు కలిపితే ఓడిపోయేవి.

1986లో అదే కంపెనీ షెవ్రొలే కార్వెట్ తాళంచెవి రేకులో కరెంటు ప్రవాహాన్ని కొంతమేర అడ్డుకునే చిన్న రెసిస్టర్ బిళ్ల పొదిగింది. కారు ఆ రెసిస్టర్ విలువను కొలిచి, తన విలువతో సరిపోతేనే స్టార్ట్ అయ్యేది. ఉన్న విలువలు మొత్తం పదిహేను. ఓపిక ఉన్న దొంగ అన్నింటినీ వరసగా ప్రయత్నించవచ్చు. అయితే ఆలోచన మాత్రం కొత్తది. రేకు తిరిగినా ఇంజిన్ నడవకుండా ఆపవచ్చని అది చూపింది.

1990ల మధ్యలో వచ్చిన ట్రాన్స్‌పాండర్ చిప్ ఆ ఆలోచనను గాలిలోకి తెచ్చింది. పిడి లోపల బియ్యపు గింజంత గాజు గొట్టంలోనో చిన్న నల్లటి బిళ్లలోనో ఉండే ఈ చిప్‌కు బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట సుమారు 125 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, చిప్ ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని జవాబిస్తుంది. తొలినాటి చిప్‌లు ఎప్పుడూ ఒకే సంఖ్య చెప్పేవి. తర్వాతివాటిలో కారు ప్రతిసారీ కొత్త సంఖ్య పంపుతుంది, చిప్ తన రహస్య సంఖ్యతో లెక్కించి జవాబు తిప్పి పంపుతుంది. జవాబు సరిపోతేనే ఇంధనం, స్పార్క్ అందుతాయి. ఈ ఏర్పాటు పేరే ఇమ్మొబిలైజర్. మారుతి సుజుకీ తన కార్లలో దీన్ని ఐకాట్స్ అని పిలిచింది.

రహస్య సంఖ్య ఎంత పొడవన్నది ఇక్కడ కీలకం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లో వాడిన 40 బిట్ల రహస్యాన్ని ఛేదించవచ్చని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు 2005లో చూపారు. మెగామోస్ అనే మరో చిప్ లోపాలపై రాసిన పరిశోధన పత్రాన్ని 2013లో వోక్స్‌వ్యాగన్ బ్రిటన్ కోర్టుకు వెళ్లి ఆపించింది. రెండేళ్ల తర్వాత 2015లో అది వెలువడింది. ఆలస్యం వల్ల లోపం తగ్గిందేమీ లేదు, తెలిసినవారికి అంతకుముందే తెలుసు.

నియమం ఉన్న దేశం, లేని దేశం

చిప్ ఎంత పనిచేస్తుందో చూపే ప్రయోగం ఒకటి అనుకోకుండా అమెరికాలో జరిగింది. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. కెనడా 2007లో అదే బాట పట్టింది. అమెరికాలో మాత్రం అలాంటి నియమం లేదు. చాలా కంపెనీలు తమంతట తామే పెట్టాయి. అమెరికా బీమా రంగ సంస్థల విశ్లేషణ ప్రకారం 2015 మోడళ్లలో ఇతర కంపెనీల కార్లకు 96 శాతం మేర ఇది సాధారణ సదుపాయం కాగా, హ్యుందాయ్, కియాలకు 26 శాతమే.

తాళంచెవి తిప్పి నడిపే ఆ చవక మోడళ్ల స్టీరింగ్ కింది కవచం ఊడదీసి, సిలిండర్ తొలగించి, మిగిలిన పిడికి యూఎస్‌బీ కేబుల్ కొసను తొడిగి తిప్పితే చాలని చూపే వీడియోలు 2021, 2022లో టిక్‌టాక్‌లో వ్యాపించాయి. కేబుల్‌లో మాయ ఏమీ లేదు. దాని కొన ఆ పిడికి సరిపోయే కొలతలో ఉందంతే. దొంగతనాలు మిల్వాకీ నగరంలో మొదలై దేశమంతా పాకాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2023 ఫిబ్రవరిలో చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి కనీసం 14 ప్రమాదాలు, ఎనిమిది మరణాలు వీటితో ముడిపడ్డాయి. సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ సవరణ ప్రకటించారు. అందులో ఒక అంశం అలారం మోగే సమయాన్ని అర నిమిషం నుంచి నిమిషానికి పెంచడం.

సరిహద్దుకు అవతల కెనడాలో అమ్మిన అవే మోడళ్లలో ఇమ్మొబిలైజర్ ఉంది కాబట్టి ఈ కేబుల్ కిటుకు అక్కడ పారలేదు. ఒకే కారు, ఒకే తయారీదారు, తేడా ఒక్క చిప్. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు 2011 నుంచి 2022 వరకు వచ్చిన ఈ రెండు కంపెనీల మోడళ్లలో పుష్ బటన్ ఉందా, తాళంచెవి తిప్పాలా అని అడగడం అందుకే అవసరం. పెనుకొండలో తయారయ్యే కియాలతో దీనికి సంబంధం లేదు, ఇది అమెరికా మార్కెట్ కోసం చేసిన కార్ల సంగతి.

బటన్ నొక్కితే జరిగేది, నొక్కకుండానే జరిగేది

రిమోట్‌ది పూర్తిగా వేరే దారి. దీనికి బ్యాటరీ కావాలి. దీని రేడియో సంకేతానికి ఐరోపా, భారత్ వంటి చోట్ల ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్, అమెరికా, జపాన్‌లలో 315 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వాడతారు. విదేశం నుంచి తెప్పించిన రిమోట్ చూడటానికి ఒకేలా ఉన్నా పనిచేయకపోవడానికి తరచూ ఇదే కారణం. గాలిలో వెళ్లే సంకేతాన్ని దొంగ రికార్డు చేసి మళ్లీ వాడకుండా ప్రతి నొక్కుకూ కోడ్ మారుతుంది. దీన్ని రోలింగ్ కోడ్ అంటారు. రిమోట్‌లోనూ కారులోనూ ఒక్కో లెక్క నడుస్తుంటుంది. ఇంట్లో పిల్లలు బటన్‌తో ఆడుకుంటే రిమోట్ లెక్క ముందుకు పోతుంది. కారు కొంతవరకు సర్దుకుంటుంది. కీలాక్ అనే ప్రసిద్ధ పద్ధతిలో పదహారు మెట్ల తేడా వరకు వెంటనే ఒప్పుకుంటుంది, అది దాటితే వరసగా రెండుసార్లు నొక్కమంటుంది. ‘రిమోట్ పాడైంది’ అని మార్చేసిన వాటిలో కొన్ని నిజానికి రెండో నొక్కు కోసం ఆగినవే.

స్మార్ట్ కీలో బటన్ నొక్కే పని కూడా లేదు. తలుపు పిడి తాకగానే కారు తక్కువ పౌనఃపున్య సంకేతం పంపుతుంది, అది మీటరు, మీటరున్నర మేరకే చేరుతుంది. జేబులోని తాళంచెవి మేలుకుని రేడియోలో జవాబిస్తుంది. సంకేతం అందిందంటే తాళంచెవి దగ్గరలోనే ఉందని కారు నమ్ముతుంది. బలహీనత ఆ నమ్మకంలోనే ఉంది. ఒకరు ఇంటి తలుపు దగ్గర, మరొకరు కారు దగ్గర పరికరాలు పట్టుకుని ఆ చిన్న సంకేతాన్ని పెద్దదిగా చేసి చేరవేస్తే, లోపల మేకుకు వేలాడుతున్న తాళంచెవి కారు పక్కనే ఉన్నట్టు జవాబిస్తుంది. దీన్నే రిలే దాడి అంటారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్లపై దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కారు నుంచి తాళంచెవి వైపు సంకేతాన్ని చేరవేస్తే చాలు, జవాబు దానంతటదే వస్తుందని వారు చూపారు. ఇక్కడ ఏ రహస్య సంఖ్యనూ ఛేదించనక్కర్లేదు.

తాళంచెవిని లోహపు డబ్బాలోనో సిగ్నల్ ఆపే సంచిలోనో ఉంచడం పనిచేసే ఉపాయమే. కొన్ని తాళంచెవులు కదలకుండా ఉంటే కొద్దిసేపటికి నిద్రపోతాయి, రిలేకు జవాబివ్వవు. మూలానికి వెళ్లే పరిష్కారం అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి. ఇది సంకేతం బలాన్ని వదిలేసి, అది వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. నానోసెకనులో రేడియో తరంగం వెళ్లేది సుమారు 30 సెంటీమీటర్లే. సంకేతాన్ని ఎంత పెంచినా ఆ కాలాన్ని తగ్గించలేరు.

దొంగలు మరో దారి కూడా వెతికారు. 2022లో లండన్‌లో ఒక భద్రతా పరిశోధకుడి టొయోటా రావ్4 మాయమైంది. అంతకుముందు రెండుసార్లు ముందు దీపం దగ్గర బంపర్‌ను ఎవరో లాగి వైర్లు బయటికి తీసి ఉన్నారు. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల్లోకి ఆ దీపం వైరు నుంచే చొరబడి, ‘సరైన తాళంచెవి ఉంది’ అన్న సందేశాన్ని నేరుగా చొప్పించే పద్ధతి అది. 2023లో వివరాలు బయటికి వచ్చాయి. ఇక్కడ తాళంచెవి ఊసే లేదు, దాన్ని ఎంత భద్రంగా దాచినా ప్రయోజనం లేదు.

ఇంత ఎలక్ట్రానిక్స్ మధ్య ఒక చిన్న ఊరట. స్మార్ట్ కీ బ్యాటరీ అయిపోతే కారు కదలని ఇటుకలా మారిపోదు. పిడిలో దాచిన చిన్న రేకు బయటికి లాగి, తలుపు పిడి దగ్గర మూత కింద దాగిన రంధ్రంలో తిప్పవచ్చు. ఆ తర్వాత తాళంచెవిని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లలో ఇంజిన్ అందుకుంటుంది. బ్యాటరీ అక్కర్లేని పాత చిప్ అందులో ఇంకా ఉంది. చాలా తాళంచెవుల్లో ఉండే బ్యాటరీ సీఆర్2032 రకం, కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది.

ఒకటి పోతే ఒక ధర, రెండూ పోతే మరో ధర

కొత్త చిప్‌ను కారు జ్ఞాపకంలో చేర్చడమే ప్రోగ్రామింగ్. స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్లతో మాట్లాడటానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు పరికరం తగిలించి ఈ పని చేస్తారు. చాలా మోడళ్లలో కారుకు ప్రత్యేకమైన పిన్ అనే రహస్య కోడ్ కూడా కావాలి. క్లోనింగ్ వేరు. అందులో పాత చిప్ చెప్పేదాన్నే కొత్త చిప్ చేత చెప్పిస్తారు. కారు లెక్కలో రెండూ ఒకటే కాబట్టి కారును కదిలించనక్కర్లేదు, చవక కూడా. దాని ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. పోయిన తాళంచెవిని కారు జాబితా నుంచి తీసేస్తే దాని క్లోన్ కూడా పనికిరాకుండా పోతుంది.

ఒక తాళంచెవి చేతిలో ఉండగా రెండోది చేయించడం తేలిక. కొన్ని ఫోర్డ్ మోడళ్లలో పనిచేసే రెండు తాళంచెవులుంటే మూడోదాన్ని యజమానే చేర్చుకోవచ్చు. రెండూ పోతే పనివారు ‘ఆల్ కీస్ లాస్ట్’ అనే మాట వాడతారు, ఆ మాటతోనే ధర పైకి పోతుంది. కోత కనిపెట్టాలి, కంపెనీ నుంచి పిన్ తెప్పించాలి, కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్ విప్పి మెమరీ చిప్‌ను నేరుగా చదవాలి. షోరూములు ఆర్‌సీ, గుర్తింపు పత్రం, చాలాచోట్ల పోలీసు ఫిర్యాదు ప్రతి కూడా అడుగుతాయి. కొన్నిసార్లు లాక్ సెట్ మొత్తం మార్చాలని చెబుతారు. అది తలుపులు, ఇగ్నిషన్, డిక్కీ తాళాలన్నీ కొత్తవి వేయడం. పోయింది ఎక్కడో తెలియని చోటైతే తాళాలన్నీ మార్చడం కంటే జాబితా నుంచి పాత చిప్‌ను తొలగించి కొత్తది చేర్చడం చవక. తలుపు పాత రేకుతో తెరుచుకుంటుంది కానీ ఇంజిన్ నడవదు. ఇంటి చిరునామా ఉన్న కాగితాలతో పాటు పోతే మాత్రం ఆ లెక్క మారుతుంది.

ఈ సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకా తెగని తగవు. కంపెనీలు భద్రత పేరుతో పిన్‌లను తమ దగ్గరే ఉంచుకోవాలంటాయి. అలా చేస్తే పోటీ లేక ధర పెరుగుతుందని స్వతంత్ర పనివారి వాదన. అమెరికాలో నాస్టఫ్ అనే సంస్థ నేపథ్య తనిఖీ చేసిన పనివారిని నమోదు చేసి, వారికి కోడ్‌లు అందే ఏర్పాటు నడుపుతోంది. రెండు వైపుల వాదనలోనూ నిజముంది. దొంగల చేతిలో ఉన్న పరికరాలు తరచూ పనివారి కోసం తయారైన వాటికి నకళ్లే.

భారత్‌లో కారు దొంగతనం బీమా క్లెయిముకు సంస్థలు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతాయి. ఒకటి ముందే పోయి ఉంటే అప్పుడే ఫిర్యాదు ఇచ్చి, బీమా సంస్థకు తెలియజేసిన ఆధారం లేకపోతే క్లెయిములో ప్రశ్నలు వస్తాయి. తాళంచెవి పోతే ఖర్చు భరించే అదనపు కవర్‌ను చాలా సంస్థలు అమ్ముతున్నాయి. స్మార్ట్ కీ ఉన్న కారుకు అది దండగ కాదు. పాత కారు కొనేవారు రెండు తాళంచెవులూ, కోడ్ బిళ్లా అడిగి తీసుకోవాలి. ఒకటే ఇస్తే రెండోది చేయించే ఖర్చు ధరలో తగ్గించుకోవచ్చు. కారు జాబితాలో ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో చాలా మోడళ్లలో ఓబీడీ పరికరంతో చూడవచ్చు. చేతిలో ఉన్నవి రెండు, జాబితాలో ఉన్నవి మూడు అయితే, బదిలీ కాగితాల మీద సంతకం పెట్టే ముందే ఆ మూడోదాన్ని తొలగించమని అడగాలి.